జతగా పెట్టిన చెప్పులు

ఆ వేసవంతా నేను గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని ఆడవాళ్ళ నోళ్ళు వాసన చూస్తూ కూర్చున్నాను. అదీ నా ఉద్యోగం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు.

మాది తాగుడు మానిన ఆడవాళ్ళు ఉండే ఇల్లు. ఆసుపత్రిలో మాన్పించి తిన్నగా ఇంటికి పంపితే నాలుగు రోజుల్లో కథ మళ్ళీ మొదటికొస్తుందని, మధ్యలో కొన్నాళ్ళు ఉంచే చోటది. పగలు ఎవరి పనికి వాళ్ళు వెళ్ళొచ్చు. సాయంత్రానికి తిరిగొచ్చెయ్యాలి. వంటా, అంట్లూ వంతులవారీగా చేసుకోవాలి. బయట బోర్డు మీద 'మహిళా వసతి గృహం' అని మర్యాదగానే రాసి ఉండేది. వీధిలోవాళ్ళు మాత్రం 'తాగుబోతుల హాస్టలు' అనేవాళ్ళు. రెండోదే నిజం కాబట్టి నేనెప్పుడూ వాళ్ళతో పోట్లాటకు పోలేదు.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. బయటినుంచి గడప దాటి లోపలికొచ్చే ప్రతి మనిషీ కాపలా మనిషి మొహం మీద ఊదాలి. పైపులు బాగుచేసేవాడొచ్చినా ఊదాలి, డాక్టరొచ్చినా ఊదాలి. పూర్వం దీనికో మిషను ఉండేదట. దగ్గుమందు తాగినవాళ్ళకీ, నోరు పుక్కిలించినవాళ్ళకీ కూడా అది కుయ్యో కుయ్యో అని అరిచి గోల చేస్తుంటే పెద్దమ్మ దాన్ని సొరుగులో పడేసింది. "ముక్కులుండగా మిషనెందుకే?" అందట.

పెద్దమ్మ అంటే ఆ ఇల్లు నడిపే మనిషి. ఒకప్పుడు ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడా తాగి, మానిన మనిషేనని అందరూ అనేవాళ్ళు, ఆవిడెప్పుడూ కాదనలేదు. ఎవరికీ వరసకు పెద్దమ్మ కాదు గానీ, అందర్నీ 'ఏమే', 'ఒసే' అనే హక్కు మాత్రం సంపాదించుకుంది.

ఇక మిగతావాళ్ళు. వాళ్ళ గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చిలక అని ఒకతె ఉండేది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పే ఉద్యోగం. ఇంట్లో కూడా ఆ గొంతు దించేది కాదు. "స్నానాల గది ఖాళీ అయినది, దయచేసి గమనించగలరు" అని వసారాలో నిలబడి అరిచేది. పంతులమ్మ అని ఇంకొకతె. లెక్కలు చెప్పేదట. ఏ మాటన్నా ముందు కళ్ళు తుడుచుకుని ఆ తర్వాత మొదలుపెట్టేది. రోజూ సాయంత్రం అందరం గుండ్రంగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవాలని ఒక రూలు. మనసులో మాట కాదు పాడూ కాదు, అది ఏడుపుల పోటీ. పంతులమ్మకే ఎప్పుడూ ఫస్టు. నా వంతు వచ్చినప్పుడు "నాకేం లేదు, పక్కావిడ చెప్తుంది" అనేసేదాన్ని.

నేను వాళ్ళలాంటిదాన్ని కాదనుకునేదాన్ని. నాకు చేతిలో పనుంది. బల్లలకీ బీరువాలకీ పాలిష్ పట్టే పని. చెక్కని గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌లో కలిపిన లక్కని గుడ్డతో పూతమీద పూత వేస్తే అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపించాలి. నేను వేస్తే కనిపించేది. ఆ స్పిరిట్టూ, ఆ థిన్నరూ మూసిన గదుల్లో ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి నా ముక్కు చచ్చిపోయింది. మల్లెపువ్వైనా ఒకటే, చచ్చిన ఎలకైనా ఒకటే. నాకు ఏ వాసనా రాదు.

విన్నారుగా? ఆ ఇంటికి కాపలా ముక్కుని నేను. నాకు ముక్కే లేదు.

ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొదట వంతు వచ్చింది, కూర్చున్నాను. కూర్చున్న తర్వాత తెలిసింది, దీనికి ముక్కుతో పనే లేదని. తాగిన మనిషిని పట్టుకోవాలంటే కాళ్ళ వైపు చూడాలి. మామూలు మనిషి పనినుంచి వచ్చి చెప్పులు విసిరి పారేస్తుంది, ఒకటి తూర్పుకీ ఒకటి పడమటికీ పోతాయి. తాగిన మనిషి వంగుని, వాటిని జతగా, గోడకు సమంగా పెడుతుంది. గడప దాటేటప్పుడు కాలు జానెడెత్తు ఎక్కువ లేపుతుంది. అడక్కుండానే సంజాయిషీ చెప్తుంది. తాగినట్టు కనపడకూడదని పడే తాపత్రయం తాగుడుకన్నా ముందు బయటపడుతుంది. నాకెలా తెలుసంటారా? అన్నేళ్ళు మా అన్నయ్య ఇంటి గుమ్మంలో చెప్పులు జతగా పెట్టింది ఎవరనుకున్నారు?

పంతులమ్మని అలాగే పట్టుకున్నాను. వేసవి మొదట్లో ఒక సాయంత్రం ట్యూషన్ చెప్పి వచ్చింది. చెప్పులు విడిచింది. మళ్ళీ వంగుని, బొటనవేలితో ఎడమదాన్ని కాస్త జరిపి కుడిదానికి సరిచేసింది.

"బస్సు ఆలస్యమైందక్కా. డ్రైవరు మారాడు. మధ్యలో ఒకావిడ సంచి మర్చిపోయిందని ఆపించింది. అందుకే..." అని మొదలుపెట్టింది.

"నేనడిగానా? ఊదు."

ఊదింది. నాకు వచ్చింది గాలి ఒక్కటే. "తాగావు" అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపైన వెక్కి వెక్కి ఏడ్చింది. మొదటిసారి పట్టుబడితే కొన్నాళ్ళు గడప దాటకూడదు, ఇంటెడంట్లూ తోమాలి. రెండోసారైతే సంచి సర్దుకోవాలి. పంతులమ్మ అంట్లు తోముతూ కూడా ఏడ్చింది. ఆ రోజునుంచి నాకు 'ముక్కక్క' అని పేరు పడింది, కాపలా పూర్తిగా నాకే వదిలేశారు. వంటా లేదు, అంట్లూ లేవు. ఉదయం పాలిష్ పని చూసుకుని మధ్యాహ్నానికి వచ్చి, స్టూలు మీద మహారాణిలా కూర్చునేదాన్ని.

వంటింట్లో మాత్రం ఒకసారి చిక్కొచ్చింది. చిలక పాలు పొయ్యిమీద పెట్టి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ డాబా మీదికి పోయింది. నేను పొయ్యి పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. పాలు పొంగాయి, ఇంకిపోయాయి, గిన్నె మాడి నల్లబడింది. నేను తలెత్తలేదు. అందరూ గొంతు చీరుకుపోయేలా దగ్గుతూ పరిగెత్తుకొచ్చారు.

"ముక్కక్కా, పక్కనే ఉన్నావు కదా!" అని చిలక నెత్తి కొట్టుకుంది.

"నీ పాలకి నేను కాపలానా? నా కాపలా గుమ్మం దగ్గరే" అని ఇంకా పైకి లేచాను. పెద్దమ్మ నా మొహం కేసి ఒకసారి చూసి, కిటికీలు తెరిచి వెళ్ళిపోయింది. బతికిపోయాననుకున్నాను.

ఆ స్టూలు నాకెందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. నా కూతురు బుల్లి మా అన్నయ్యా వదినల దగ్గరుంది. మూడో తరగతి అయింది. వాళ్ళకి పిల్లల్లేరు. బడులు తెరిచేలోపు బుల్లిని నాకిచ్చెయ్యాలా, లేక వాళ్ళ దగ్గరే ఉంచుకుని వాళ్ళ వీధిలోని బడిలో వేసెయ్యాలా అన్నది ఆ వేసవిలో తేలాలి. తేల్చేది పెద్దమ్మ మాట. "గుమ్మం కాపలా దానికే అప్పగించాం, అంతకన్నా ఏం చెప్పమంటారు?" అని పెద్దమ్మ ఫోన్లో అన్నయ్యతో అనడం నా చెవులారా విన్నాను. అంటే, లేని ముక్కు మీద నా కూతురు ఆధారపడి ఉంది.

వదిన గురించి చెప్పకుండా ఉంటే బాగుండును గానీ కుదరదు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. వేసవి మొదట్లో ఒక ఆదివారం వచ్చి, మా ముందు గదిలో కుర్చీ కొసన కూర్చుని, తాగుడంటుకుంటుందేమో అన్నట్టు చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "మనసు గట్టిగా ఉండాలి. నేను చూడు, ఎన్ని కష్టాలొచ్చినా గ్లాసు ముట్టానా? అంతా మన చేతుల్లోనే ఉంది" అంది. చిలక ఆ మాటలకి నోరెళ్ళబెట్టి వింది. పంతులమ్మ అలవాటు ప్రకారం కళ్ళు తుడుచుకుంది. నాకు పుట్టెడు కోపమొచ్చింది. కాని పిల్ల ఆవిడ గుప్పిట్లో ఉంది. "నిజమే వదినా" అన్నాను. ఆ రెండు మాటలూ చేదుమాత్రలా మింగాను.

మళ్ళీ ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన కారొచ్చి గేటు ముందు ఆగింది. ఆగడం కూడా కాదు, గేటు స్తంభాన్ని ఒకసారి పలకరించి ఆగింది. బుల్లి దూకి పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టేసుకుంది. దాని చెప్పులు రెండూ గాల్లో ఎగిరి ఎక్కడో పడ్డాయి. వెనక వదిన వచ్చింది. నిదానంగా, తాడు మీద నడుస్తున్నట్టు వచ్చింది. గుమ్మం ముందు ఆగి, గోడకి చెయ్యి ఆనించి, చెప్పులు విడిచింది. వంగి, రెండూ జతగా పెట్టింది. మడమలు గోడకి ఆనేలా సర్దింది. ఆ పక్కనే పడి ఉన్న బుల్లి చెప్పులు కూడా తెచ్చి జతగా పెట్టింది.

నేను బుల్లిని ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఊదాలి కదా, మీ ఇంటి పద్ధతి" అని వదిన నా మొహం దగ్గరికి మొహం తెచ్చి, తాపీగా, నవ్వుతూ ఊదింది. ఆ నవ్వు ఎందుకో నాకు వెంటనే తెలిసింది. నాకు వాసన రాదన్న సంగతి ప్రపంచంలో తెలిసినవాళ్ళు మా అన్నయ్యా, ఈవిడా. అందుకే అంత ధైర్యంగా ఊదింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్ళు తెరిచే తాగింది, కాపలా కుక్కకి ముక్కు లేదని తెలిసి.

లోపలినుంచి పెద్దమ్మ కేకేసింది. "ఏమే ముక్కా, సరేనా?"

వదిన నా కళ్ళలోకి చూస్తోంది. తాగిందన్నాననుకోండి, 'దీనికి ముక్కే పనిచెయ్యదు, మిమ్మల్నందర్నీ మోసం చేస్తోంది' అంటుంది. పెద్దమ్మ మాట పోతుంది, దాంతోపాటు పిల్లా పోతుంది.

"సరే" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినపడేలా.

వదిన లోపల కూర్చుని పెద్దమ్మకి కొత్త బడి గొప్పలు చెప్పింది. అక్కడ ఈత నేర్పుతారట, పిల్లలకి టై ఉంటుందట. బుల్లి నా స్టూలు మీద నా ఒళ్ళో కూర్చుంది. దాని గౌను జేబు ఉబ్బెత్తుగా ఉంది.

"ఏంటే ఇది?"

"పిప్పర్మెంట్లు. నావి కావు, అత్తయ్యవి. నా దగ్గరే ఉంటాయి. కారెక్కేముందు ఒకటి, దిగేముందు ఒకటి ఇవ్వాలి. మర్చిపోకూడదు."

"మరి నువ్వు తినవా?"

"ఊహూఁ. నాకు వేరే పనుంది. దారంతా మాట్లాడుతూనే ఉండాలి. అత్తయ్య కళ్ళు మూసుకుందనుకో, భుజం మీద గట్టిగా కొట్టాలి." దాని మొహంలో పెద్ద ఉద్యోగం దొరికినదానిలా గర్వం. "ఇవాళ రెండుసార్లు కొట్టానమ్మా. ఒకసారి లారీ అంకులు కూడా తిట్టాడు."

దాని జేబుకి బొత్తాం పెట్టాను.

కాసేపటికి వదిన లేచింది. "పద బుల్లీ, వెళ్దాం" అంది. కారు తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతోంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తాళాలు ఇలా ఇవ్వు వదినా."

"ఏంటీ?"

"నువ్వు తాగావు. కారు నడపొద్దు."

గదిలో అందరూ ఇటు తిరిగారు. వదిన నవ్వింది. "ఇందాక సరే అన్నావు కదమ్మా? ఇంతమంది విన్నారు. లోపలికొచ్చేటప్పుడు లేని వాసన బయటికెళ్ళేటప్పుడు వచ్చిందా? పిల్లని నా దగ్గర్నుంచి లాక్కోడానికి ఎన్ని నాటకాలు!"

బయటికెళ్ళేవాళ్ళు ఊదే పద్ధతి ఆ ఇంట్లో లేదు. బుల్లి అప్పటికే గడప దాటి, జతగా పెట్టిన తన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటోంది.

"నేను వాసన చూడలేదు" అన్నాను. "నాకు వాసన రాదు. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఒక్కరోజూ రాలేదు. థిన్నరు నా ముక్కుని ఎప్పుడో తినేసింది. ఇన్నాళ్ళూ మీ అందర్నీ చెప్పులు చూసి పట్టుకున్నాను. ఇవాళ ఈవిణ్ణి కూడా అంతే."

"విన్నారా? విన్నారా?" వదిన చేతులు తట్టినంత పని చేసింది. "ఇదండీ మీ కాపలా! ఇదా మీరు మంచిదని పూచీ ఇచ్చిన మనిషి?"

చిలక మెల్లిగా లేచి వచ్చి వదిన ఎదురుగా నిలబడింది. "నాకొకసారి ఊదండమ్మా" అంది. వదిన మొహం తిప్పుకుంది. తిప్పుకుంటే మాత్రం దాని ముక్కు ఊరుకుంటుందా? మెడ చాచి ఒక్కసారి పీల్చి, బస్టాండు గొంతుతో ప్రకటించింది. "పిప్పర్మెంటు మీద విస్కీ. దయచేసి గమనించగలరు."

పంతులమ్మ ఏడవలేదు. అదొక వింత. తిన్నగా వచ్చి, వదిన వేలినుంచి తాళాలు తీసి తన కొంగులో ముడేసుకున్నట్టు గుప్పిట్లో బిగించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను పెద్దమ్మ వైపు చూశాను. సంచి సర్దుకోమంటుందనే అనుకున్నాను.

"దానికి ముక్కు లేదని పాలు మాడినరోజే తెలుసు" అంది పెద్దమ్మ, నాతో కాదు, గాలితో అన్నట్టు.

"తెలిసీ కూర్చోబెట్టారా?"

"ఒక్కసారన్నా తప్పు చెప్పావా? లేదు. పైగా నిన్నక్కడ కూర్చోబెడితే వంటింట్లోకి రావు, గుండ్రంగా కూర్చున్నప్పుడు మమ్మల్ని కాల్చుకు తినే చూపులు చూడవు. ఇంటికి శాంతి." అంటూ చిలక వైపు చూసింది. చిలక పళ్ళికిలించింది. "మేం రోజూ ఊదేటప్పుడు నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం ముక్కక్కా" అంది.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ వాళ్ళని వెర్రిబాగుల వాళ్ళనుకున్నాను. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను స్టూలెక్కించి ఆడించారు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు.

పెద్దమ్మ ఫోన్ చేస్తే అన్నయ్య బస్సులో వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. వచ్చీ రాగానే నామీద పడ్డాడు.

"నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. నువ్వు పాడైంది చాలక ఇప్పుడు దాని మీద పడ్డావా? జలుబు చేసిందని దగ్గుమందు తాగింది, అంతే."

"అన్నయ్యా, మీ ఇంట్లో ముక్కులన్నీ పనిచేస్తాయిగా" అన్నాను.

వాడు వదిన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నా మందు సీసాలు దొరికితే వీధి వీధంతా వినపడేలా అరిచిన మనిషి. పెళ్ళాం పక్కలో పడుకుని ముక్కు మూసుకున్నాడు. పరువు పోతుందని పసిపిల్లని ఆ కారులో ఎక్కనిచ్చాడు. ఒట్టి పిరికి పీనుగ. వాడంటే నాకున్న ప్రేమంతా ఆ కుర్చీలో వాడు చెమట తుడుచుకుంటుండగానే దిగిపోయింది. పంతులమ్మ తాళాలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వదినని వెనకసీట్లో కూర్చోబెట్టుకుని వాడే నడుపుకుంటూ వెళ్ళాడు. బుల్లిని రమ్మని అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఆ ఇంట్లో పిల్లలకి చోటు లేదు. అదీ రూలే. నేనది గుర్తుచేస్తే పెద్దమ్మ కసిరింది. "పిల్లెవతే? గుమ్మం దగ్గర ముక్కు లేదు, ముక్కుని పెట్టుకున్నాను. జీతం లేదు, భోజనం మాత్రం పెడతాను."

"నా కూతురికి తాగుబోతుల నోళ్ళు వాసన చూసే విద్య అక్కర్లేదు" అన్నాను. నిజంగానే మండిపోయింది నాకు.

"ఆ విద్య దానికి ముందే వచ్చులేవే" అంది పెద్దమ్మ. ఆవిడ మాట ఎప్పుడూ అంతే. చెంప మీద కొట్టినట్టుంటుంది, తిరిగి కొట్టడానికి చోటుండదు.

అలా మిగిలిన వేసవంతా ఇస్త్రీ గదిలో నేనూ బుల్లీ ఒకే చాప మీద పడుకున్నాం. మధ్యాహ్నాలు గుమ్మం దగ్గర నేను స్టూలు మీద, అది మెట్టు మీద. అది ముక్కు, నేను కళ్ళు. అది వాసన చూస్తూనే నా విద్య కూడా లాగేసుకుంది. "అమ్మా, ఆవిడ చెప్పులు విసిరేసింది. మంచావిడ" అనేది. పైపులు బాగుచేసేవాడు ఒకరోజు చెప్పులు సరిగ్గా పెట్టుకుంటే వాణ్ణి అరగంట లోపలికి రానివ్వలేదు. పాపం వాడు ఉత్త శుభ్రమైన మనిషి. చిలక దానికి మైకులో మాట్లాడ్డం నేర్పింది, పంతులమ్మ ఎక్కాలు నేర్పింది. ఆ ఇద్దరూ దాన్ని నవ్విస్తుంటే నేను చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. అసూయే. దానికి వేరే పేరెందుకు?

బడులు తెరిచే ముందర వదిన వచ్చింది. కారు లేదు. ఎండలో, నడుచుకుంటూ వచ్చింది. పాదాల నిండా దుమ్ము. బుల్లి లేచి నా వెనక్కి వెళ్ళి నిలబడింది.

వదిన చెప్పులు విడవలేదు. కాసేపు గేటు పట్టుకుని నిలబడి, గుమ్మం దాకా వచ్చి, అడగకుండానే బుల్లి ముందు వంగి ఊదింది. బుల్లి ముక్కు చిట్లించింది.

"కొంచెం" అంది నెమ్మదిగా.

తాగే వచ్చింది. కాని నడిచి వచ్చింది.

"మీ అన్నయ్యకి చెప్పి రాలేదు" అంది నాతో. "ఇక్కడ... ఎలా చేరాలి? ఎవరినడగాలి?"

గ్లాసు ముట్టానా, మనసు గట్టిగా ఉండాలి, అంతా మన చేతుల్లోనే ఉంది. ఆవిడ మాటలన్నీ నా నాలిక చివరనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి మొహాన కొట్టొచ్చు. అడిగిన మనిషి మాత్రం ఎండకి కమిలిపోయి, పెదాలు పగిలిపోయి ఉంది. "లోపల పెద్దమ్మ ఉంది" అన్నాను. పక్కకి జరిగాను. టీ మాత్రం నేను పెట్టలేదు. అంత మంచిదాన్ని కాను. చిలక పెట్టింది.

ముందు ఆసుపత్రికి పంపారు. తర్వాత ఇక్కడికి తీసుకుంటామన్నారు. ఖాళీ కావలసిన మంచం నాదే, నేను చాప మీదికి మారినా అది నా పేరునే ఉంది. ఆసుపత్రి నుంచి ఆవిడ తిరిగొచ్చిన రోజే నేను సంచి సర్దుకున్నాను. ఎడమవైపు పరుపులో స్ప్రింగు పొడుచుకొస్తుంది, కుడివైపు పడుకో అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని వీధి చివరికి వెళ్ళాక అనిపించింది.

పాలిష్ షాపుకి దగ్గర్లో ఒక్క గది తీసుకున్నాం. కిటికీ ఒకటుంది, కుళాయి బయటుంది. బుల్లిని పక్క వీధి బడిలో వేశాను. ఈత లేదు, టై లేదు.

ఆ గదిలో చేరిన మొదటి వారమే ఒక సాయంత్రం బీరువా ఒకటి ఆలస్యమై, నేను రావడం కొంచెం పొద్దుపోయింది. బుల్లి బడినుంచి వచ్చి గది ఊడ్చి, తుడిచి పెట్టింది. గచ్చు ఇంకా తడిగా మెరుస్తోంది. నా సొంతమని చెప్పుకోడానికి ఉన్న మొదటి గుమ్మం అది. దాని ముందు చెప్పులు విసరబుద్ధి కాలేదు. విడిచి, వంగుని, రెండూ పక్కపక్కన గోడకి ఆనించి పెట్టాను. తడి తొక్కకుండా కాలు ఎత్తి గడప దాటబోయాను.

బుల్లి గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహం చూడలేదు. నా చెప్పులు చూస్తోంది. దాని మొహంలో రంగు పోయింది. రెండు చేతులూ చాచి ద్వారబంధాన్ని రెండువైపులా పట్టుకుంది.

"ఊదమ్మా" అంది.

"ఏంటే, నా మీద నమ్మకం లేదా నీకు?" అరిచాను. "బీరువా పని ఆలస్యమైంది. వార్నిషు ఆరలేదు. దాంతో..." చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ఎవరూ అడగని సంజాయిషీ.

అది చేతులు తియ్యలేదు. ఏడవనూ లేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని దాని మొహం మీద ఊదాను. నా నోటినుంచి ఏం వాసన వస్తోందో నాకు తెలియదు, నాకెప్పటికీ తెలియదు. అది కళ్ళు మూసుకుని పీల్చింది. మళ్ళీ ఊదమంది. మళ్ళీ ఊదాను.

"వార్నిషు" అంది చివరికి. "సరే. లోపలికి రా."

ఇక ఆ మర్నాటి నుంచి ఇంటికొస్తూనే చెప్పులు విసిరి కొడతాను. ఒకటి కుళాయి దగ్గర పడుతుంది, ఒకటి పక్కింటి గుమ్మం దాకా దొర్లుతుంది. పక్కింటావిడ రోజూ దాన్ని కర్రతో ఇటు నెట్టి, "ఎంత చెత్త మనిషో!" అని మొగుడితో అంటుంది, నాకు వినపడేలాగే. అననీ. ఆవిడకేం తెలుసు? లోపల నా కూతురు రెండు చప్పుళ్ళూ విని, తల కూడా ఎత్తకుండా ఎక్కాలు రాసుకుంటూ ఉంటుంది.